ఒకే తానులో రెండు గౌన్లు

మార్చి 16, ఆదివారం

నిన్నటి నుంచి ఒంటిపూట బడులు. మిట్టమధ్యాహ్నానికే పిల్లలిద్దరూ ఇంట్లో ఊడిపడుతున్నారు. అనూహ్య పుస్తకం ముందు పెట్టుకుని కిటికీలోకి చూస్తుంది, బుడ్డోడు బజ్జీల పిండిలో వేలు పెడతాడు. ఎనిమిదో తరగతి తప్పినప్పటి నుంచి నేను పెన్ను పట్టింది సరుకుల చీటీ రాయడానికే. ఇప్పుడు ఇది రాస్తున్నాను. నాగరాజుకు చెబితే నవ్వుతాడు, నవ్వకపోతే భయపడతాడు. మొగుణ్ణి ఆ రెండు కష్టాలూ ఎందుకు పెట్టాలి?

సాయంత్రం మా బజ్జీల బండి మీద మొదటి వాయి వేస్తుంటే హాలియా నుంచి బషీరన్న ఫోను.

"చెల్లె, ఉగాది తెల్లారే రంజాన్ వడ్తదంటున్నరు. పిల్లలకు వరుసగ సెలవులేనాయె. ఎప్పటిలెక్క వచ్చి రెండు దినాలుండి పోరాదు?"

"వస్తనన్నా. మా షరీఫా వదినె వండుతదా, వచ్చినోళ్లమే వండుకోవాల్నా?"

నా నోటికి తాళం లేదు. బజ్జీలు మాడుతున్నాయి.

"ఎవ్వలితోని మాట్లాడుతలేదు చెల్లె. కుట్టుమిషను మీద దుప్పటి కప్పింది. రంజాన్ నెల, ఊరంత బట్టలు పట్టుకొస్తున్నరు. అందర్ని ఎనుకకే పంపుతాంది. నువ్వొస్తే తిట్టనన్న తిడ్తది. తిట్టినా చాలు."

"అనూహ్యను తోలుకరావాల్నా?"

"గదే నాకు సమజైతలేదు. పిల్లను చూస్తే షరీఫా నిలవడ్తదో, ఉన్నది గూడ కూలుతదో. నీ ఇష్టం చెల్లె."

నా ఇష్టమట. బరువైన మూటలన్నీ చెల్లెళ్ల నెత్తినే పెడతారు అన్నలు.

షరీఫా బిడ్డ హిబా, నా బిడ్డ అనూహ్య ఒకే వారంలో, ఒకే దవాఖానలో పుట్టారు. అప్పుడు బషీరన్న జడ్చర్లలోనే పనిచేసేవాడు, మా పక్క పోర్షన్‌లో కిరాయికి ఉండేవాళ్లు. తరువాత హాలియాకు పోయి మోటార్లు వైండింగ్ చేసే కొట్టు పెట్టుకున్నాడు. అయినా ప్రతి ఏడూ షరీఫా ఒకే తానులోంచి రెండు గౌన్లు కుట్టేది. అనూహ్యకు ఎన్నడూ కొలత తీసుకోలేదు. "నా బిడ్డకు వడితె నీ బిడ్డకు వడ్డట్టే" అనేది. పడేది కూడా, పిసరంత తేడా లేకుండా.

పోయిన సెప్టెంబరులో జ్వరం వచ్చి హిబా నాలుగు రోజుల్లో పోయింది.

పెన్ను బాగా రాయడం లేదు.

మార్చి 17

ఒక్కదాన్నే పోతాను. పిల్లలు ఇక్కడే ఉంటారు. అయిపోయింది.

మార్చి 18

బుడ్డోణ్ణి తీసుకుపోతాను. అనూహ్య వాళ్ల నాయిన దగ్గర ఉంటుంది. అయిపోయింది.

మార్చి 23, ఆదివారం

అయిపోలేదు.

అనూహ్య తన బట్టలు సంచిలో సర్దుకుంటోంది. ఎక్కడికే అంటే హాలియాకు అంది. నువ్వు రావడం లేదు, నీకు పరీక్షలున్నాయి అన్నాను.

"నన్ను చూస్తే అత్తమ్మకు హిబా యాదికొస్తదని గదా వద్దంటున్నవు?"

"ఎవలు చెప్పిన్రే?"

"నువ్వే నాయినతోని అంటుంటివి, బండి కాడ. అమ్మా, నేను పోకుంటే అత్తమ్మకు యాదికి రాదా?"

పదకొండేళ్ల పిల్ల. అంత మాట అడిగి, సంచి జిప్పు లాగి, పక్కింటికి ఆడుకోవడానికి పోయింది.

బషీరన్న నన్ను చెల్లె అన్న రోజు నుంచి షరీఫా నాకు వదినె. వదినెను సతాయించకపోతే ఆడబిడ్డ పుట్టుక ఎందుకు? అందుకే పోయిన ప్రతిసారీ వాళ్ల గుమ్మం ముందు గొంతు మార్చి "కరెంటు బిల్లు! కట్టకుంటే వైరు పీకుతున్నం!" అని అరుస్తాను. షరీఫా పెదాల మధ్య సూది పట్టుకుని పరుగెత్తుకొస్తుంది. తరువాత మిషను కింద దారం చుట్టి ఉండే బాబిన్ మాయమవుతుంది, దాని డబ్బీతో సహా. అది లేకపోతే మిషను మూగది. ఉపాయం నాది, దాచేది పిల్లలు. పోయినేడు హిబా బియ్యం డబ్బాలో దాచింది. షరీఫా వెతికి వెతికి, నా ఏడు తరాలనూ తిట్టి, బిర్యానీకి బియ్యం కొలుస్తుంటే దొరికింది. హిబా నా వెనుక దాక్కుని నా కొంగులో నవ్వింది. ఆ వెచ్చదనం నడుము దగ్గర ఇంకా ఉంది.

మార్చి 27, గురువారం

అనూహ్యకు పేలు పడ్డాయి. పడ్డాయనే అనుకుందాం.

బడి నుంచి రాగానే బస్టాండు వెనుక పార్లర్‌కు తీసుకుపోయి జుట్టు మెడ దాకా కత్తిరించేయించాను. నడుము దాటిన జుట్టు. పిల్ల కుర్చీలో కూర్చుని అద్దంలోంచి నన్నే చూసింది, ఏడవలేదు. ఏడిస్తే సముదాయించేదాన్ని.

హిబాకూ అంతే పొడుగు జుట్టు. షరీఫా ఇద్దరినీ ముందు కూర్చోబెట్టుకుని, రెండేసి జడలు వేసి, రిబ్బన్లు కట్టి పంపితే వెనుక నుంచి ఎవరెవరో నాకే తెలిసేది కాదు. ఒకసారి హిబాను అనూహ్య అనుకుని వీపు మీద ఒక్కటిచ్చాను కూడా. ఇప్పుడు ఆ తేడా అందరికీ తెలుస్తుంది. అంతే. పేల కోసమే.

నాగరాజు చూసి, "ఏమే, పిల్లను బార్డర్‌కు డ్యూటీకి పంపుతున్నవా?" అన్నాడు.

"అవ్, నిన్ను తీసుకోమన్నరని నీ బదులు పంపుతున్న."

నవ్వాడు. నేనూ నవ్వాను. అనూహ్య అన్నం తినలేదు.

మార్చి 28

రేపు ముగ్గురం పోతున్నాం. పిల్లకు గౌన్లు పెట్టలేదు. ప్యాంట్లు, టీషర్టులు పెట్టాను. ప్రయాణానికి సుఖం.

మార్చి 29, శనివారం. హాలియా

బస్సులో కండక్టరు ఆధార్ కార్డులో నా ఫోటో చూసి, నన్ను చూసి, మళ్లీ ఫోటో చూశాడు. "గది మా అత్తది. నాకంటే మంచిగున్నదా?" అన్నాను. గాబరాపడి ఆడవాళ్లకిచ్చే సున్నా టికెట్టు చించి చేతిలో పెట్టి పారిపోయాడు. బుడ్డోడు కల్వకుర్తి దాకా నవ్వాడు. దేవరకొండ దాటేదాకా నేను ఏదో ఒకటి వాగుతూనే ఉన్నాను. కాలువ నీళ్ల పచ్చటి పొలాలు కనబడ్డాక కిటికీ వైపు తిరిగాను. అనూహ్య మెడ వెనుక చెయ్యి పెట్టి జడ కోసం తడుముకుంటోంది. రెండు రోజులుగా అదే పని.

గుమ్మం ముందు నిలబడ్డాను. కరెంటు బిల్లు అనాలి. పక్కింటామె గోడ మీద నుంచి చూస్తోంది. చెప్పులు విప్పి, మళ్లీ తొడుక్కుని, మళ్లీ విప్పాను. ఇంతలో బుడ్డోడు, వాడికేం తెలుసు, గొంతు చించుకున్నాడు.

"కరెంట్ బిల్లూ! వైరు పీకుతున్నం!"

లోపల మంచం కిర్రుమంది. షరీఫా వచ్చింది. పెదాల మధ్య సూది లేదు. మనిషి సగమైంది. వేసుకున్న బట్టలు వేరే ఎవరివో అన్నట్టున్నాయి. నన్ను చూడలేదు, బుడ్డోణ్ణి చూడలేదు. అనూహ్యను పాదాల నుంచి పైకి చూస్తూ వచ్చి తల దగ్గర ఆగింది.

"జుట్టేదే?"

ఆరు నెలల తరువాత ఆమె నోట నేను విన్న మొదటి మాట.

"పేలు వదినె. పుట్టలు పుట్టలు వడ్డయ్."

"పేలు వడితె దువ్వెన లేదా మీ జడ్చర్లల?"

జవాబు వినకుండా లోపలికి పోయి గోడ వైపు తిరిగి పడుకుంది. పొద్దు గూకాక బషీరన్న ఖర్జూరం, నీళ్లు తెచ్చిస్తే లేచి ఉపవాసం విడిచింది. మళ్లీ గోడ వైపే తిరిగింది. ఆయన నా వైపు చూసి, "రెండు మాటలన్నది చెల్లె. రెండు" అన్నాడు. ఎవరో వరమిచ్చినట్టు చెప్పాడు. నేను బయటికి వచ్చి కాళ్లు కడుక్కున్నాను, అప్పటికే కడుక్కున్న కాళ్లే.

మార్చి 30, ఆదివారం. ఉగాది

పొద్దున వాళ్ల వంటింట్లోనే పచ్చడి కలిపాను. వేపపువ్వు బషీరన్న కొట్టు పక్క చెట్టు నుంచి దులిపి తెచ్చాడు. ఆయనకూ షరీఫాకూ రోజా, పొద్దు గూకేదాకా నోట్లో ఏమీ పెట్టరు. వాళ్ల వాటా గిన్నె మీద మూత పెట్టి ఉంచాను.

మామిడికాయ తరుగుతూ గదిలోకి చూశాను. షరీఫా మంచం మీద కూర్చుంది. అనూహ్య కింద ఆమె మోకాళ్ల మధ్యకు జరిగి కూర్చుంది, జడ వేయించుకునేప్పుడు కూర్చున్నట్టు, వీపు ఆమె వైపు పెట్టి. అలవాటు. షరీఫా చెయ్యి తల మీదికి వచ్చింది. వేళ్లు పాయలు తీస్తూ కిందికి దిగాయి. మెడ దగ్గర జుట్టు అయిపోయింది. వేళ్లు మాత్రం ఆగలేదు, ఉత్త గాలిలో ఇంకాస్త కిందికి అల్లుతూ పోయాయి.

తరువాత లేచి వంటింట్లోకి వచ్చింది. చేతిలో కత్తి ఉన్నది నాకే, కానీ భయపడిందీ నేనే.

"పేలు లెవ్వు. చూసిన."

"వదినె…"

"నేను మర్శిపోవాల్నని గొరిగించినవా? ఈ పిల్ల జుట్టు కోస్తె నా బిడ్డ మొకం నా కండ్లల్లకెళ్లి పోతదా? ఎంత తెలివిమంతురాలివే నువ్వు! ఆర్నెల్లాయె, నా చేతులకు పని లేదు. ఈ పిల్లొస్తె జడన్న అల్లుత అనుకున్న. దినాలు లెక్కవెట్టుకున్ననే! గదిగూడ లేకుంట జేస్తివి!"

నా చేతిలో మామిడికాయ టెంక.

"గౌనేది? పిల్లకు గౌను లేదా? మొగపోరని లెక్క గీ ప్యాంటేంది? పండుగ పూట గిట్లనేనా తెచ్చేది? సిగ్గున్నదా నీకు?"

తిడుతూనే గదిలోకి పోయింది. తిడుతూనే మిషను మీది దుప్పటి లాగి అవతల పడేసింది, దుమ్ము లేచింది. తిడుతూనే బీరువా తెరిచింది. బషీరన్న కొట్టులోంచి వచ్చి గుమ్మంలో నిలబడిపోయాడు, చేతిలో రాగి తీగ చుట్ట.

బీరువాలోంచి వంకాయ రంగు బట్ట తీసింది. పోయిన బక్రీద్‌కు కొన్నది. దాని మీద హిబా పోయినేటి గౌను. షరీఫా పద్ధతి అదే. పాత గౌను వీపు మీద పెట్టి, ఏడాదికి ఎంత పెరిగిందో వేళ్లతో చూసుకుని, కొత్తది కోస్తుంది. ఆ పాత గౌనే తీసుకుని అనూహ్య వీపుకు ఆనించింది. భుజాలు రెండు వైపులా బయటికి వచ్చాయి. అంచు మోకాలికి చాలా పైన ఆగిపోయింది.

షరీఫా తిట్లు ఆగాయి.

"గింత పెరిగిందా?"

అనూహ్య గురించి కాదు అడిగింది. నాకు తెలుసు. బషీరన్నకూ తెలుసు, ఆయన తీగ చుట్ట కేసి చూస్తున్నాడు.

"పెరిగింది వదినె" అన్నాను.

గౌను మడిచి దిండు మీద పెట్టి, సొరుగులోంచి టేపు తీసింది. పుట్టినప్పటి నుంచి మొదటిసారి నా బిడ్డకు కొలత తీసింది. భుజం, ఛాతీ, నడుము, పొడుగు. ఒక్కో చోట టేపు పెట్టి అక్కడే చెయ్యి ఉంచి ఆగింది. అనూహ్య చేతులు ఎడంగా పెట్టి నిలబడింది. బుడ్డోడు కూడా నోరు మూసుకున్నాడు, వాడి జన్మలో మొదటిసారి.

చాప పరిచి బట్ట పరిచింది. మడిచింది. మళ్లీ మడిచింది. నాలుగు పొరలు.

ఒక్క గౌనుకు రెండు పొరలు చాలు. ఒకేసారి రెండు కోయాలంటేనే నాలుగు. ఇన్నేళ్లు చేతికి అబ్బిన పని, చెయ్యి తన పని తాను చేసుకుపోతోంది. సుద్దతో గీత గీసింది. నేను బషీరన్న వైపు చూశాను. ఆయన నా వైపు చూశాడు. ఇద్దరం చూశాం, ఇద్దరమూ ఆపలేదు. కత్తెర కరకరమని నడుస్తుంటే ఆమె మెడ వంపు, పెదాల బిగువు, అన్నీ పాత షరీఫావే. ఎట్లా ఆపుతాం?

ముక్కలు ఎత్తి దులిపింది. ఒకదాని వెనుక ఇంకొకటి జారి ఒళ్లో పడింది.

చూసుకుంది. రెండు ముందు భాగాలు, రెండు వెనుక భాగాలు. కత్తెర చేతిలోనే ఉంది. బయట ఎవరో ట్రాక్టరు స్టార్ట్ చేస్తున్నారు, అది పట్టుకోవడం లేదు, మళ్లీ మళ్లీ దగ్గుతోంది. ఎంతసేపు దగ్గిందో.

నా పాడునోరు అప్పుడే తెరుచుకుంది.

"రెండోది ఉతికినప్పుడు మార్చుకోనీకెనా వదినె?"

బషీరన్న కళ్లు మూసుకున్నాడు. నాలుక కోసి కుక్కలకు వెయ్యాలి నాది. షరీఫా తలెత్తి నన్ను చూసింది. వచ్చినప్పటి నుంచి మొదటిసారి నన్ను చూసింది. ఆమె గొంతులోంచి ఏదో వచ్చింది. నవ్వేననుకున్నాను, మొదట అది నవ్వే. తరువాత కాదు. నేను పోయి చాప మీద కూలబడి ఆమెను పట్టుకున్నాను. సెప్టెంబరులో వచ్చినప్పుడు నాకు ఏడుపు రాలేదు, మొద్దులాగా కూర్చుని వెళ్లాను. అదంతా ఈ రోజు వచ్చింది. వంకాయ రంగు ముక్కలు మా ఇద్దరి కింద నలిగిపోయాయి. అనూహ్య మా మధ్య తల దూర్చింది. ఆ పిల్ల కూడా ఏడ్చింది, ఆరు నెలలకు.

తరువాత షరీఫా ముక్కలకు ఇస్త్రీ చేసి మిషను ఎక్కింది. రెండూ కుట్టింది. రెండింటికీ జేబులు పెట్టింది. హిబాకు జేబు లేని గౌను పనికిరాదు, దాచుకోవడానికి చోటు కావాలి.

పొద్దు గూకింది. ఖర్జూరం నోట్లో వేసుకున్నాక గిన్నె మూత తీసి పచ్చడి నాలుక మీద పెట్టుకుంది.

"చేదు తక్కువేసినవే."

"ఈ ఏడుకు గది చాలు వదినె."

వీధిలో పిల్లలు నెలవంక కనబడిందని అరుస్తున్నారు.

మార్చి 31, సోమవారం. రంజాన్

బషీరన్న నమాజుకు పోయి ఆలస్యంగా వచ్చాడు. హిబా ఉన్న ఖబరస్తాన్ మీదుగా వచ్చినట్టున్నాడు, చెప్పులకు మట్టి. ఎవరూ అడగలేదు.

పిల్ల పోయాక మొదటి పండుగ కదా, చుట్టాల ఆడవాళ్లు వరుసగా వచ్చి కూర్చున్నారు. కొందరు గుమ్మంలోనే ఏడుపు మొదలుపెట్టారు. నేను వంటింట్లో షీర్ ఖుర్మా గిన్నెలు నింపుతూ, ఎక్కువ ఏడ్చినవాళ్లకు జీడిపప్పు తక్కువ వేశాను.

అనూహ్య కొత్త గౌను తొడుక్కుని అందరికీ గిన్నెలు అందించింది. కురచ జుట్టుకు షరీఫా రెండు పిన్నులు పెట్టింది, చాలాసేపు పెట్టింది. రెండో గౌను గోడ మేకుకు వేలాడుతోంది. నల్లగొండ నుంచి వచ్చిన పెద్దామె దాన్ని చూసి, షరీఫాను చూసి, గుసగుసగా అడిగింది.

"ఇదెవలిదమ్మా?"

గరిటె పట్టుకుని నేను గుమ్మంలోకి వచ్చాను.

"అనూహ్యదే" అంది షరీఫా. "ఒకటి ఇంటికి తీస్కపోతది. ఒకటి ఈడనే ఉంటది."

ఏప్రిల్ 1, మంగళవారం

బస్సులో రాస్తున్నాను. అక్షరాలు ఎగురుతున్నాయి.

బయలుదేరే ముందు షరీఫా మేకు మీది గౌను తీసి, తిరగేసి, లోపలి కుట్టు నాకు చూపింది. పక్కలకూ అంచుకూ లోపల చాలా బట్ట వదిలింది. మామూలుగా అంత వదలదు.

"వచ్చిన్నాడల్ల తొడిగి చూస్త. కురుచైతె ఇప్పుత. మల్లొచ్చెయేడు ఇంకింత ఇప్పుత. ఏడాదికోపారి గీ పిల్లను తెచ్చి నా ముంగట నిలవెట్టాలె నువ్వు. ఎంత పెరిగిందో నాకు తెల్వాలె."

"గట్లనే వదినె."

"ఒట్టా?"

"ఒట్టు."

"జుట్టు మీద మల్ల కత్తెర వడ్డదా, నీ నాలుక కోస్త."

"కొయ్యి. మా ఆయన నీ పేరు మీద అన్నదానం పెడ్తడు."

బస్సు కదిలేదాకా నిలబడింది. చెయ్యి ఊపలేదు, అనూహ్యను చూస్తూనే ఉంది.

ఈసారి బాబిన్ జోలికి పోలేదు. పిల్లలకూ చెప్పలేదు. కొన్ని ఆటలు అయిపోతాయి.

ఏప్రిల్ 3, గురువారం

పొద్దున్నే ఫోను. బషీరన్న నంబరు. గొంతు మాత్రం ఆయనది కాదు.

"దొంగముండా! బాబిన్ ఏడ వెట్టినవే?"

నేను తియ్యలేదు. నిజంగా తియ్యలేదు. ఆ మాట చెప్పబోయాను.

"పక్కింటి పుష్పలతకు… థూ, నీ పేరే నా నోట్ల తిరుగుతాంది. పక్కింటామెకు జాకెట్ కుట్టి ఇస్తనని ఒప్పుకున్న. మిషను కింద చెయ్యి వెడ్తె ఏమున్నది, బొంద! నీ చేతులు ఇరగ! నీ బజ్జీలు మాడ! బియ్యం డబ్బా చూసిన, పప్పు డబ్బా చూసిన, చాపల కింద చూసిన…"

ఎన్ని చోట్ల వెతికిందో అన్నీ చెప్పింది, ఒక్కో చోటుకు ఒక్కో తిట్టు. వెనుక బషీరన్న నవ్వు వినబడింది. నేను గోడకు ఆనుకుని కళ్లు మూసుకుని విన్నాను. అయిపోతుందేమోనని భయమేసింది.

"నేనే తీసిన వదినె" అన్నాను. "ఎతుక్కో. ఇంట్లనే ఉన్నది."

మరో తిట్టు తిట్టి పెట్టేసింది.

అనూహ్యను పిలిచాను. బడి సంచి భుజాన వేసుకుని వచ్చి నిలబడింది, చూపు నేల మీద.

"నీకెవలు చెప్పిన్రే?"

"హిబా. పోయినేడు తను దాసింది గదా. మల్లొచ్చినప్పుడు నీ వంతు అన్నది."

"ఏడ వెట్టినవ్?"

దగ్గరికి వచ్చి నా చెవిలో చెప్పింది. షరీఫా మళ్లీ మేకుకు తగిలించిన గౌను జేబులో.

షరీఫాకు ఫోను చెయ్యలేదు. చెయ్యను. ఆ జేబులో చెయ్యి తనే పెట్టాలి.